పోర్ట్రెయిట్లు మానేసి పటువాల దారి పట్టిన జామినీ రాయ్

కలకత్తాలో డబ్బున్నవాళ్ల పోర్ట్రెయిట్లు వేసి బతుకుతున్న జామినీ రాయ్, నలభైకి దగ్గరపడే వయసులో ఆ పని పక్కన పెట్టేశారు. గిరాకీ ఉంది, చెయ్యి తిరిగింది. కానీ వేస్తున్నది తనది కాదనిపించింది.

ఆయన 1887లో బెంగాల్‌లోని బాంకురా జిల్లా బేలియాతోడ్ అనే పల్లెలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్లో బొమ్మలు చేసేవాళ్ల దగ్గరే ఎక్కువగా తిరిగేవారు. పదహారేళ్లకు కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో చేరి యూరప్ పద్ధతి నేర్చుకున్నారు. 1908లో డిప్లొమా వచ్చింది.

1920ల్లో కాళీఘాట్ గుడి దగ్గర యాత్రికులకు చవగ్గా అమ్మే పటాల మీద ఆయన కన్ను పడింది. ఒక్క గీతతో మనిషి ఆకారం తేల్చేసే బొమ్మలవి. కొన్నాళ్లు అలాగే గీశారు. వాటికీ పట్నం గాలి సోకిందనిపించి, సొంత ఊరివైపు పటువాల దగ్గరికి వెళ్లారు.

పటువాలంటే చుట్ట చుట్టిన పటం విప్పుతూ, పాట పాడుతూ కథ చెప్పేవాళ్లు. మన చేర్యాల పటాల్లాంటివే అనుకోండి. (వాటిని గీసే నకాషీల పేరు ఉర్దూ 'నఖ్ష్'కు చుట్టమే.) మేదినీపూర్ వైపు పటువాల్లో చాలామంది ముస్లింలు. రాముడి కథా పాడతారు, గాజీ పీర్ కథా పాడతారు.

ఇక రాయ్ నూనె రంగులు కొనడం మానేశారు. మట్టి, సున్నం, మసి లాంటివాటితో ఇంట్లోనే రంగులు చేసి చింతగింజల జిగురుతో కలిపేవారు. కాన్వాసుకు బదులు గుడ్డ, చాప, చెక్క. సంతాల్ ఆడవాళ్లు, తల్లీబిడ్డలు, పిల్లులు ఆయన బొమ్మల్లోకి వచ్చారు. యేసును గీసినా అవే పెద్ద పెద్ద బాదం కళ్లు.

మొదట్లో ఇల్లు గడవడం కష్టమైంది. 1930ల్లో వైస్రాయ్ బంగారు పతకం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కలకత్తాలో ఉన్న అమెరికన్, బ్రిటిష్ సైనికులు కూడా కొనుక్కుపోయారు. గిరాకీ పెరిగితే రేటు పెంచడం వ్యాపారం లెక్క. ఆయన అలా చెయ్యలేదు. మామూలు ఉద్యోగస్తుడు కూడా కొని గోడకు తగిలించుకోవాలన్నది ఆయన పట్టుదల. అందుకే కొడుకుతో సహా ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, పటువాల ఇళ్లలో లాగే, ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ వేయించారు. ఫ్యాక్టరీ పెట్టాడని విమర్శకులు అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఏది ఆయన చేతి పనో, ఏది ఇంట్లోవాళ్లదో తేల్చడం ఈరోజుకీ నిపుణులకు కష్టమే.

1954లో పద్మభూషణ్ ఇచ్చారు. 1972 ఏప్రిల్ 24న కలకత్తాలో కన్నుమూశారు. 1970ల్లోనే ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళా సంపదగా ప్రకటించింది, అంటే దేశం దాటించి అమ్మకూడదు. చవగ్గా ఇచ్చిన ఆ బొమ్మలు ఇప్పుడు వేలంపాటల్లో లక్షలు దాటి పలుకుతున్నాయి. నకిలీలు కూడా అంతే జోరుగా తిరుగుతున్నాయి.