ఆకలైన వేళే అన్నం వేళ

వంటింటి పని ఎవరి లెక్కలోకీ రాదు. తెల్లవారి కాఫీతో మొదలై రాత్రి గిన్నెలు బోర్లించేదాకా సాగే ఆ చాకిరీకి జీతమూ లేదు, సెలవూ లేదు. ఇవాళ కూడా పప్పేనా అని ముఖం చిట్లించేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పప్పు కమ్మగా కుదిరిందని ఒక్క మాట అనేవాళ్ళు మాత్రం అరుదు. అలాంటి వంటింట్లోనే బతుకంతా గడిపిన ఒక ఇల్లాలి గురించి ఈ వారం మీకు చెప్పాలనిపించింది. ఆవిడ పుస్తకాలు రాయలేదు, సభలెక్కి మాట్లాడలేదు. వచ్చినవాళ్ళకి అన్నం వండి పెట్టింది, అంతే. అయినా కన్నుమూసి వందేళ్ళు దాటిపోయినా జనం ఆవిడని మరిచిపోలేదు.

ఆవిడే డొక్కా సీతమ్మగారు. గోదావరి జిల్లాల వాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. మా తరంలో మిగతా ప్రాంతాల ఆడపిల్లలకి మాత్రం ఝాన్సీ లక్ష్మీబాయి గురించి తెలిసినంతగా సీతమ్మగారి గురించి తెలీదు. కత్తి పట్టినవాళ్ళకి చరిత్రలో చోటు దొరికినంత సులువుగా గరిటె పట్టినవాళ్ళకి దొరకదు మరి!

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరంగారు గడప తొక్కినవాళ్ళకి అన్నం పెట్టనిదే పంపేవారు కాదట. అందుకే ఊళ్ళో వాళ్ళు ఆయన్ని బువ్వన్న అని ముద్దుగా పిలుచుకునేవారు. ఎంత చక్కటి బిరుదో చూడండి! నరసమ్మగారు తొందరగా కన్నుమూయడంతో ఇంటి భారం చిన్నవయసులోనే సీతమ్మ మీద పడింది. ఆ రోజుల్లో ఆడపిల్లలకి బడీ చదువూ ఎక్కడిది? ఆమెకి ఇల్లే బడి, వచ్చేపోయే అతిథులే పాఠం.

తరవాత లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారితో పెళ్ళయింది. జోగన్నగారు కలిగిన రైతు. ఒకసారి ప్రయాణంలో వాళ్ళింట్లో భోజనానికి ఆగి, ఆ పిల్ల ఆదరణ చూసి చేసుకున్నారని అంటారు. అసలు సంగతి ఏమైనా, ఆయన గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ కాలంలో గాదె తాళంచెవి మగవాడి చేతిలో ఉండేది. ఆయన కాదంటే సీతమ్మగారి పొయ్యి అంతసేపు వెలిగేదే కాదు. అన్నదానం పేరు ఆవిడకొచ్చినా, వెనక ఆయన ఒప్పుకోలు ఉంది.

ఆ ఊరు ఎక్కడుందో తెలిస్తేగానీ ఆవిడ చేసిన పని విలువ తెలీదు. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలు పాయలుగా చీలిపోతుంది. నడుమ లంకలు. గన్నవరం వైనతేయ పాయ పక్కన ఉంటుంది. ఇప్పుడంటే వంతెనలూ బస్సులూ వచ్చాయి. అప్పుడు రేవు దాటాలంటే పడవే గతి. వరదొస్తే పడవ కదలదు, గాలి తిరిగితే పడవ రాదు. బాటసారులు పిల్లాపాపలతో గట్టు మీద పడిగాపులు పడాల్సిందే. కాఫీ హోటలు లేదు, డబ్బు పెట్టి కొనుక్కుందామన్నా మెతుకు దొరకదు. అలా ఏ అర్ధరాత్రో రేవు దాటి వచ్చినవాళ్ళకి తెలిసిన తలుపు ఒక్కటే. సీతమ్మగారి తలుపు.

వచ్చినవాళ్ళది ఏ ఊరు, ఏ కులం అని ఆవిడ అడిగేవారు కాదంటారు. ఒకరు తాకితే మరొకరు స్నానం చేసే రోజులవి. ఒక బ్రాహ్మణ ఇల్లాలు అలా ఉండగలగడం చిన్న విషయం కాదు. ఆకలైన వేళే అన్నం వేళ అనుకున్నారావిడ.

ఇది చదువుతున్న మీకు ఆ పని ఎంతటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. గ్యాసు పొయ్యి, కుక్కరు, మిక్సీ ఉండి కూడా, చెప్పకుండా నలుగురు చుట్టాలొస్తే మనకి చెయ్యీ కాలూ ఆడదు. ఆవిడ కాలంలో బియ్యం దంచాలి, పచ్చడి రోట్లో నూరాలి, నీళ్ళు మోసుకురావాలి, కట్టెలు ఆరకుండా ఊదుతూ కూర్చోవాలి. వర్షాకాలంలో తడికట్టెల పొగకి కళ్ళు మండిపోవూ? పెట్టింది కూడా పంచభక్ష్య పరమాన్నాలు కాకపోవచ్చు. కోనసీమలో పండేవి అందరికీ తెలుసు. వరి, కొబ్బరి, అరటి, కంద, పెరట్లో ఆకుకూర. వేడన్నంలో కాస్త పప్పు, ఓ పులుసు, ఓ గరిటెడు మజ్జిగ పడితే ఆకలితో వచ్చినవాడికి అదే అమృతం. ఆకలి రుచెరగదని ఊరికే అన్నారా!

జనం ఎక్కువగా చెప్పుకునే కథ ఒకటుంది. సీతమ్మగారికి అంతర్వేది వెళ్ళి లక్ష్మీనరసింహస్వామిని చూడాలని ఎంతో కోరిక. ఎన్నాళ్ళకో తీరిక చిక్కి పల్లకీలో బయలుదేరారు. దారిలో విశ్రాంతికి ఆగినచోట, ప్రయాణంలో ఉన్న ఒక కుటుంబం మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో కడుపునిండా తిందామని ఊరడిస్తున్నారు. ఆ మాట వినగానే ఆవిడ బోయీలని వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు. స్వామి దర్శనం కానందుకు ఆవిడ బాధపడినట్టు ఎవరూ చెప్పరు.

ఆ కథలో నాకు నచ్చేది త్యాగం కాదు. తన కోసం నడిచొస్తున్న ఆ పిల్లలకి ఆవిడ తానే రుణపడినట్టు భావించడం. తిన్నవాడు పెట్టినవాళ్ళకి కృతజ్ఞత చూపడం మామూలే. తినడానికి వచ్చినందుకు పెట్టే మనిషే సంతోషపడటం వేరు. డబ్బు, నగ, పొలం ఎంతిచ్చినా మనిషికి చాలదు. చాలమ్మా అని చెయ్యి అడ్డం పెట్టేది అన్నం దగ్గరే. ఆ చాలు అన్న మాటలో ఉన్న తృప్తే ఆవిడకి ముట్టిన జీతమనుకుంటాను.

పేరు అలా అలా సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి సంబంధించి 1903లో జరిగిన ఉత్సవానికి ఆవిడకి ఆహ్వానం వచ్చిందని చెబుతారు. ఆవిడ రానన్నారు. తాను వెళితే ఇంటికొచ్చినవాళ్ళకి వడ్డించేదెవరన్నది ఆవిడ బెంగ. పోనీ ఫోటో అయినా ఇమ్మని బతిమాలి తీయించుకుని వెళ్ళారట. ఆ ఫోటోనే ఆసనం మీద ఉంచి గౌరవించారట. రాజుగారి పిలుపుకి కదలని మనిషి, ముక్కూమొహం తెలియని పిల్లల ఆకలికి పల్లకీ వెనక్కి తిప్పింది!

ఇదంతా ఊరికే జరగలేదు. ఏళ్ళ తరబడి పెడుతూపోతే కొండైనా కరుగుతుంది. ఆస్తి తరిగిపోతున్నా పొయ్యి మాత్రం ఆరనివ్వలేదంటారు. 1909లో ఆవిడ కన్నుమూశారు.

గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవ నీళ్ళు తీసుకెళ్ళే కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. పడవ కోసం జనం ఎదురుచూసిన ఆ పాయ మీదే, లంక పొలాలకి నీళ్ళు మోసే కట్టడానికి ఆ పేరు రావడం సబబుగానే ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా డొక్కా సీతమ్మగారి పేరు పెట్టింది. ఈ రెండోది వినగానే నా మనసు నిండింది. ఆకలితో బడికొచ్చే పిల్లల పళ్ళెం దగ్గర కంటే ఆవిడ పేరుకి మంచి చోటెక్కడుంది?

అయితే ఒక్క మాట. అపర అన్నపూర్ణ అని ఆవిడకి దణ్ణం పెట్టి, మన వంటింట్లో చెమటోడ్చే మనిషిని గమనించకపోతే ఆ దణ్ణానికి అర్థం లేదు. ఆ మనిషి అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, పనిమనిషి కావచ్చు, బడిలో వంటచేసే ఆయా కావచ్చు. వేడన్నం, కాస్త పప్పు, పక్కన ఆవకాయ బద్ద. అవి మన కంచంలోకి రావడం వెనక ఎన్ని చేతులున్నాయో తలుచుకుని, బావుందని ఒక్క మాట అనడానికి ఖర్చేమీ కాదు. మగపిల్లలకి ఆ మాట చిన్నప్పుడే నేర్పితే మరీ మంచిది. కంచం తీసి కడగడం కూడా నేర్పితే సీతమ్మగారు తప్పకుండా సంతోషిస్తారు.