డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి జీవితము

ఆపదలో నున్నవారిని గట్టెక్కించుట యొక పని. గట్టెక్కిన పిదప వారికి నిలువనీడయు, చదువును, బ్రతుకుదెరువును చూపుట మఱియొక పని. మొదటిదానిని లోకము వెంటనే మెచ్చును. రెండవది ఏండ్ల తరబడి ఓర్పుతో చేయవలసినది. ఈ రెండవ పనికి తన జీవితమున పెద్దభాగమును ధారవోసిన యొక వైద్యురాలి చరిత్రమును మా విద్యార్థినీ విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

పేరు చివర రెడ్డి యని యుండుటచే ఈమె తెలుగింట పుట్టినదని పలువురు తలచుట కలదు. ఆ పేరు భర్తవలన వచ్చినది. ముత్తులక్ష్మి 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన తమిళదేశమందలి పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు గారు అచ్చటి మహారాజా కళాశాలకు ప్రధానాచార్యులు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులమున పుట్టినది.

ఆ కాలమున ఈ కులమందలి బాలికలను చిన్ననాడే దేవాలయమునకు అర్పించెడివారు. అటుపిమ్మట వారికి లోకమువలె వివాహము లేదు. సంగీత నాట్యములను తరతరములుగ కాపాడిన ఘనత వీరిదే. కాని ఆచారము చెడి, పలువురు బాలికల బ్రతుకు ధనవంతుల పాలయ్యెను. పేదల బిడ్డలను కొని తెచ్చి, పెంచి, ఈ వృత్తిలో దింపువారును ఉండిరి. తల్లి పుట్టిన కులము పడు అవమానమును ముత్తులక్ష్మి బాల్యముననే యెఱుగును.

మగపిల్లలు చదువు కళాశాలలో ఆడుపిల్లను చేర్చుకొనరాదని కొందఱు తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పిరి. అయినను పుదుక్కోట మహారాజు అనుమతి నొసగుటచే ఆమెకు ప్రవేశము లభించెను. 1907లో మదరాసు వైద్యకళాశాలలో చేరి, 1912లో పట్టము పొందెను. 1914లో డాక్టరు సుందరరెడ్డి గారిని వివాహమాడెను. తన్ను సమానురాలిగ గౌరవింపవలెననియు, తన కార్యములకు అడ్డు రాకూడదనియు ఆమె ముందుగనే కోరగా, ఆయన అంగీకరించెను.

1926లో ప్రభుత్వమువారు ఆమెను మదరాసు శాసనమండలికి నియమించిరి. మఱుసటి యేట సభ్యులామెను ఉపాధ్యక్షురాలిగ ఎన్నుకొనిరి. ఆమె తలపెట్టిన సంస్కరణమునకు తెలుగునాట అదివఱకే కొంత పునాది పడియుండెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను ఖండించుచు ఎంతయో వ్రాసిరి. యామినీ పూర్ణతిలకము గారును ఇట్టి యువతుల విముక్తికై పాటుపడిరి.

దేవదాసీల ఆచారము నిలిచియుండుటకు భక్తి యొక్కటియే కారణము కాదు. దేవాలయ సేవ చేయువారికి ఇనాము భూములుండెడివి. సేవ మానినచో భూమి పోవును. కూతును అర్పింపకున్నచో ఇంటికి తిండి యెట్లు అను భయముచేత తల్లులు వెనుదీయలేకపోయిరి. ముత్తులక్ష్మి గారు ఈ ముడిని గుర్తించిరి. 1929లో ఆమె పూనికచే వచ్చిన శాసన సవరణము ఆ భూములను సేవాబంధమునుండి విడిపించెను. సేవ మానినను భూమి ఆ స్త్రీదే. 1930లో వ్యభిచార గృహములను అణచుటకును, బాలికల విక్రయమును అరికట్టుటకును మఱియొక శాసనము మండలిలో నెగ్గెను.

ఈ మార్గమున ఆమెను ఎదిరించినవారిలో సంప్రదాయవాదులే కాక, దేవదాసీలును ఉండిరి. త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు వారిలో ముఖ్యురాలు. తమ వంశమునంతను పతితులని నిందించుట న్యాయము కాదనియు, తమకు విద్య కావలెననియు వారు మొఱపెట్టుకొనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. విడిపించుదుమని చెప్పువారు, విడుదల పొందువారి మానమును కూడ కాపాడవలెను గదా!

1930లో గాంధీమహాత్ముని నిర్బంధించినందులకు నిరసనగా ఆమె శాసనమండలి సభ్యత్వమును వదలుకొనెను. ఆ దినములలోనే అసలు పరీక్ష ఎదురయ్యెను. కులవృత్తిని వదలి వచ్చిన కొందఱు బాలికలు ఆశ్రయము కోరి ఆమె వాకిట నిలిచిరి. పుట్టుక తెలిసిన పిదప వసతిగృహములలో వారికి చోటు దొరకలేదు. శాసనము వారిని వదలిపొమ్మనెను. పోవుటకు మాత్రము చోటు లేదు. ముత్తులక్ష్మి గారు వారిని తన యింటనే యుంచుకొనిరి. ఈ విధముగ 1930-31 నాటికి అవ్వై ఇల్లము ఏర్పడెను. తమిళుల పూజ్యురాలైన అవ్వైయారను కవయిత్రి పేరే దానికి పెట్టబడెను. పిమ్మట అది అడయారునకు మాఱెను.

అచ్చట పిల్లలకు అన్నవస్త్రములతో పాటు చదువును, చేతిపనులును నేర్పిరి. ఉపాధ్యాయినులై, నర్సులై తమ కాళ్లపై నిలుచుటకు దారి చూపిరి. గతమును తవ్వి అడుగక, రేపటికి సిద్ధపఱచుటయే ఆ గృహము యొక్క పద్ధతి. దేవదాసీ అర్పణమును పూర్తిగ నిషేధించు మదరాసు శాసనము 1947లో వచ్చెను. అప్పటికి ఆ యిల్లు పదునైదేండ్లకు పైగా పిల్లలను పెంచుచుండెను.

చెల్లెలు క్యాన్సరు వ్యాధితో మరణించిన దుఃఖమును ఆమె మఱువలేదు. ఆమె కృషివలన 1954లో అడయారున క్యాన్సరు వైద్యశాల ప్రారంభమయ్యెను. 1956లో పద్మభూషణ బిరుదము లభించెను. 1968 జూలై 22వ తేదీన, ఎనుబదిరెండవ యేడు నిండవచ్చుచుండగా, ఆమె పరమపదించెను.

మనుష్యులను క్రయవిక్రయము చేయుట మన రాజ్యాంగము 23వ అధికరణముచే నిషిద్ధము. అయినను ఉద్యోగమనియు, పెండ్లియనియు ఆశ చూపి పిల్లలను దూరదేశములకు తరలించువారు నేటికిని ఉన్నారు. కావున తల్లిదండ్రులు అపరిచితుల తీపిమాటలను నమ్మి బిడ్డలను పంపరాదు.

విద్యార్థులారా! అట్టి కష్టము దాటి వచ్చిన బాలిక ఎన్నడైన మీ తరగతిలో చేరవచ్చును. ఆమె ఎచ్చటనుండి వచ్చెనో, ఏమి జరిగెనో అడుగకుడు. మీ పక్కన చోటిచ్చి, ఆనాటి పాఠమును చూపుడు. ముత్తులక్ష్మీరెడ్డి గారు ఆ రోజు తలుపు తెఱచి చేసినదియు ఇంతియే.