టామ్ ఎంబోయా

తూర్పు ఆఫ్రికాయందలి కెన్యా దేశమున మాంగు అను చిన్న యూరు కలదు. అచటి కాథలిక్కు వసతి పాఠశాలలో టామ్ ఎంబోయా చదివెను. 1930లో జన్మించిన యాతని తండ్రి కిత్తనార తోటలో మేస్త్రీ. పై చదువునకు ధనము చాలనందున ఎంబోయా పాఠశాల విడిచి, పారిశుధ్య పరీక్షకుడై నైరోబీ నగరమున కొలువు చేసెను. పిదప కార్మికులకు నాయకుడై, 1957లో శాసనసభకు ఎన్నికయ్యెను.

ధనము లేక చదువు నిలిచిన దుఃఖమును ఆతడు మరువలేదు. అమెరికాలో విరాళములు కూర్చి, 1959లో 81 మంది విద్యార్థులను విమానమున ఆ దేశమునకు పంపెను. తరువాత వందలకొలది యువకులు ఆ దారినే వెడలిరి. 1963లో కెన్యా స్వతంత్రము కాగా, ఎంబోయా మంత్రి యయ్యెను. 1969 జూలై 5న నైరోబీలో హంతకుని గుండ్లకు నేలకొరిగెను. అప్పటి కాతని వయస్సు 38 ఏండ్లే. ఆతడు పంపినవారిలో పెక్కురు స్వదేశమునకు మరలివచ్చి దాని సేవలో నిలిచిరి.