ఘంటసాల: మన్యం వీరుడికి పాట పాడారు.. సినిమా రాకముందే వెళ్లిపోయారు!

నర్సీపట్నం: మన్యానికి గుమ్మం లాంటి ఊరు నర్సీపట్నం. ఇక్కడి నుంచి చింతపల్లి ఘాట్ ఎక్కినా, కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి దగ్గరికి వెళ్లినా గుర్తొచ్చే పాట ఒకటుంది. 'అల్లూరి సీతారామరాజు' సినిమా కోసం మహాకవి శ్రీశ్రీ రాసిన పాట అది. అందులో ఉరిమిన గొంతు ఘంటసాలది. కానీ ఆ సినిమా థియేటర్లకు వచ్చేసరికి ఆయన లేరు.

ఇద్దరికీ ముడిపడిన ఏడాది

1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై వరుసగా మూడు రోజులు దాడి చేసింది. అదే ఏడాది డిసెంబర్ 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టారు. తండ్రి సూరయ్య చిన్నప్పుడే పోయారు. ఇల్లు గడవడమే కష్టం. అయినా సంగీతం మీద పిచ్చితో ఉన్న ఉంగరం అమ్మేసి విజయనగరం చేరారు.

జోలె పట్టి చదువు

అక్కడా కష్టాలే. మధూకరం చేసుకుని, అంటే ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కుని కడుపు నింపుకున్నారు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. అలా శాస్త్రీయ సంగీతం అబ్బింది. ఆ తర్వాత 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దూకారు. బళ్లారి అలీపురం జైల్లో శిక్ష అనుభవించారు.

పద్యానికి కొత్త బాట

పాశ్చాత్య దేశాల్లో ఒక గొంతు, ఒక పియానోతో కచేరీ నడిచినట్టే, మన నాటకాల స్టేజీ మీద ఒక గొంతు, ఒక హార్మోనియం ఉంటే చాలు, పద్యం పండేది. అయితే చివర్లో రాగం సాగదీస్తూ పోతే మాట మరుగున పడేది. ఘంటసాల ఆ సాగదీత తగ్గించారు. ముందు మాట వినిపించాలి, అందులోని బాధ తెలియాలి. రాగం దాని వెనకే నడవాలి. కరుణశ్రీ 'పుష్పవిలాపం' చదువురాని వాళ్ల చేత కూడా కంటతడి పెట్టించిందంటే కారణం ఇదే.

ఆఖరి కానుక

1970లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింటోంది. అయినా పాట ఆపలేదు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. 'అల్లూరి సీతారామరాజు' మే 1న విడుదలైంది. మరో ఆరు రోజులకు, మే 7న, అల్లూరి అమరుడై సరిగ్గా 50 ఏళ్లు నిండాయి. శ్రీశ్రీ పాటకు జాతీయ అవార్డు దక్కింది. ఆ సంబరం చూడటానికి ఘంటసాల లేరు.

స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లిన గొంతు అది. అందుకే మన్యం వీరుడి పాటలో ఆ ఉరుము నటనలా అనిపించదు. ఈసారి ఆ పాట మీ ఫోన్‌లో మోగితే, చివరిదాకా వినండి.