శ్వాసకు కావలి కాసిన డాక్టర్ లారీ
హైదరాబాద్: మత్తులో ఉన్న రోగి శ్వాసను క్షణమైనా ఏమరక గమనించాలన్నది నేడు ప్రతి శస్త్రచికిత్స గదిలోనూ పాటించే నియమం. దానికోసం జీవితమంతా వాదించిన వైద్యుడొకరు మన నగరంలోనే పనిచేశారు. ఆయనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

1846లో జన్మించిన లారీ ఎడిన్‌బరోలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడు. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చారు. 1846లో నెలకొన్న ఇక్కడి వైద్య పాఠశాల బాధ్యతలూ చేపట్టారు. బోధన ఉర్దూ నుంచి ఆంగ్లానికి మారింది ఆ కాలంలోనే. మహిళలకు తలుపులు తెరిచిన ఘనతా ఆయనదే. అలా చేరిన విద్యార్థినుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా పేరొందారు.

క్లోరోఫాం చుట్టూ వివాదం

1847లో వాడుకలోకి వచ్చిన క్లోరోఫాం శస్త్రచికిత్స బాధను తొలగించింది. అయితే మరుసటి ఏడాదే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకుంటూ ప్రాణాలు విడిచింది. తరువాతా ఇటువంటి మరణాలు ఆగలేదు. గుండె ఆగడమే కారణమని, నాడిని పట్టి చూడాలని లండను వైద్యుల వాదన. ముందు ఆగేది శ్వాసేనని, దానిని కనిపెట్టి ఉంటే రోగి బతుకుతాడని గురువు వద్ద నేర్చిన లారీ విశ్వాసం.

దీనిని నిరూపించేందుకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పాటైంది. ఫలితాలను లండనులోని లాన్సెట్ పత్రిక శంకించింది. వెనుకంజ వేయని నిజాం వెయ్యి పౌండ్లు ప్రకటించి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించారు. 1889లో సర్ థామస్ లాడర్ బ్రంటన్ వచ్చి వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, చివరకు లారీతో ఏకీభవించారు.

కమిషన్ సూచనలు సరళమైనవి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. బిగుతు దుస్తులు ఉండరాదు. గడ్డం పైకెత్తి ఉంచాలి. ఊపిరి తడబడితే క్లోరోఫాం తొలగించాలి, ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస అందించాలి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ శిష్యులు ఈ పద్ధతినే పాటించారు.

సగం నిజం

అయితే గుండెకు ముప్పే లేదన్న లారీ మాట నిలవలేదు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో ఇంగ్లండుకు చెందిన గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకంగా చూపారు. క్లోరోఫాం క్రమంగా కనుమరుగైంది. లారీ 1915లో కన్నుమూశారు.

తన సిద్ధాంతంపై అతివిశ్వాసం ఆయన లోపం. రోగి మరణాన్ని విధికి వదలక కారణం వెదకడం, ఫలితాన్ని ప్రత్యర్థుల పరీక్షకు నిలపడం ఆయన గొప్పదనం. నేటి శస్త్రచికిత్స గదుల్లో గుండెనూ శ్వాసనూ యంత్రాలు కలిపే కనిపెడుతున్నాయి. నాటి వాదులాటలో ఇరుపక్షాలు చెరి సగం చెప్పిన నిజం అక్కడ ఒక్కటైంది. లారీ నడిపిన పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగి వైద్యులను తీర్చిదిద్దుతూనే ఉంది.