కూతురి పెళ్లితో మాట నిలబెట్టుకున్న తండ్రి – గోరా

మానవులంతా ఒకే తల్లిదండ్రుల సంతానమన్న బోధ జుమా ప్రసంగాల్లో వినని ముస్లిం ఉండడు. ఆ బోధకు అసలు పరీక్ష మాత్రం సంబంధాలు చూసే రోజున ఎదురవుతుంది. మా కాకుమాను మొదలుకొని బాపట్ల, తెనాలి, రేపల్లె దాకా చాలా ఇళ్లలో పెళ్లి మాట రాగానే, అబ్బాయి నమాజు సంగతి కన్నా ముందు వాళ్లు సయ్యదులా, పఠానులా, షేకులా, నూర్‌బాషాలా అని ఆరా తీస్తారు.

ఈ సందర్భంగా మన పొరుగున ఉన్న కృష్ణా జిల్లాలో స్థిరపడిన ఒక తండ్రి జీవితాన్ని పాఠకుల ముందు ఉంచదలిచాము. ఆయన గోరాగా పేరు పొందిన గోపరాజు రామచంద్రరావు. ఆయన నాస్తికుడు. దేవుడు లేడన్న ఆయన వాదాన్ని మేము ఎంతమాత్రం అంగీకరించము. అయినా మంచి ఎవరిలో కనిపించినా ఒప్పుకోవటం న్యాయం. న్యాయంగా ఉండమని మన ధర్మం ఆదేశించింది.

గోరా 1902 నవంబర్ 15న నేటి ఒడిశాలోని ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకులయ్యారు. కులభేదాన్ని నిరాకరించి జంధ్యం తీసివేసినందుకు ఇల్లు విడవవలసి వచ్చింది. తన భావాల మూలంగా కాకినాడలోనూ, మచిలీపట్నంలోనూ కళాశాల ఉద్యోగాలు పోయాయి. 1940లో భార్య సరస్వతితో, పిల్లలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం స్థాపించారు. అక్కడ వయోజనులకు చదువు చెప్పారు. అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. 1947లో ఆ కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

ఒక పూట కలిసి భోజనం చేయటం ఒక ఎత్తు, పిల్లనివ్వటం మరొక ఎత్తు. పంక్తి నుంచి లేచాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోవచ్చు. పెళ్లితో రెండు ఇళ్లు ఒకటవుతాయి. గోరా ఈ రెండో మెట్టు కూడా ఎక్కారు. తన పెద్ద కుమార్తె మనోరమను అంటరానివారిగా పిలువబడే కులానికి చెందిన అర్జునరావుకిచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించి, గాంధీగారికి తెలియజేశారు. వధూవరులలో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి ఆశీస్సులివ్వాలని గాంధీగారు అప్పటికే నియమం పెట్టుకుని ఉన్నారు. సేవాగ్రాం ఆశ్రమంలో ఆ పెళ్లి తానే జరిపించేందుకు ఆయన ఒప్పుకున్నారు. పెళ్లికి ముందు వరుడు కొంతకాలం ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాలని కోరారు.

అయితే 1948 జనవరి 30న గాంధీగారు హత్యకు గురయ్యారు. పెద్దదిక్కు పోయిందని గోరా వెనుకాడలేదు. అదే సంవత్సరం మార్చిలో సేవాగ్రాంలోనే ఆ పెళ్లి జరిగింది. తరువాత 1960లో ఆయన కుమారుడు లవణం, ‘ఫిరదౌసి’ కావ్యకర్తగా మనకు తెలిసిన గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. కులం పేరిట ఎన్నో అవమానాలు భరించిన ఆ మహాకవి, గోరా ఇంటికి వియ్యంకుడయ్యారు. 1975 జూలై 26న విజయవాడలో గోరా కన్నుమూశారు.

ఇక మన సంగతి చూద్దాం. ఖురైష్ వంశానికి చెందిన ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు పేరున్న వారి సంబంధాలు వచ్చాయి. అయినా విముక్తి పొందిన బానిస కుమారుడైన ఉసామా బిన్ జైద్ (రజి)ని చేసుకోమని దైవప్రవక్త (స) ఆమెకు సలహా ఇచ్చారు. ఆమె మొదట ఇష్టపడలేదు. తరువాత ఒప్పుకున్నారు. ఆ కాపురంలో అల్లాహ్ ఆమెకు ఎంతో మేలు చేశాడు.

‘కుఫూ’ మాటేమిటని కొందరు అడుగుతారు. వరుడు వధువుకు సరిజోడుగా ఉండటమే కుఫూ. ఈ విషయంలో ఇమామ్ మాలిక్ (రహ్మలై) ధర్మనిష్ఠకే ప్రాధాన్యమిచ్చారు. హనఫీ పండితులు వంశాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న మాట నిజమే. అయితే వారి దృష్టిలోనూ అది వధువుకూ, ఆమె వలీకీ ఉన్న హక్కు. వారిద్దరూ ఆ హక్కు వదులుకుని సమ్మతిస్తే నికాహ్‌కు ఏ లోపమూ ఉండదు. అంటే ఈ తలుపు తాళంచెవి ఆడపిల్ల తండ్రి చేతిలో కూడా ఉందన్నమాట.

దైవాన్నే నమ్మని ఒక తండ్రి ఆ తలుపు తీశాడు. దైవానికి లెక్క చెప్పుకోవలసి ఉందని నమ్మే మనం, మంచి నడవడిక గల అబ్బాయిని బిరాదరీ పేరు చెప్పి గడప బయటే నిలబెడితే, రేపు ఏమని సమాధానం చెబుతాం? అమ్మాయి ఇష్టం కనుక్కుని, అబ్బాయి ధర్మమూ గుణమూ చూసి సంబంధం కుదర్చటం తల్లిదండ్రులుగా మన బాధ్యత.

అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.