ఫోలిక్ ఆమ్లము – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పసిబిడ్డ మొగం పాలిపోతే తల్లి దిష్టి తీస్తుంది; వైద్యుడు రక్తం పరీక్షిస్తాడు. రక్తహీనతకు ఇనుము లోపించడం ఒక కారణమైతే, ఫోలిక్ ఆమ్లమనే విటమిను లోపించడం మరొక కారణం. ఈ విటమిను లేనిదే కొత్త కణాలు సక్రమంగా విభజన చెందవు. ఎర్ర రక్తకణాలు పరిపక్వం కాక, పరిమాణంలో పెరిగి, సంఖ్యలో తగ్గిపోతాయి. కేవలం మేకపాలతో పెరిగే శిశువులలో ఈ వ్యాధి కనిపించడానికి ఆ పాలలో ఈ విటమిను అత్యల్పంగా ఉండడమే హేతువు. ఈ లోపాన్ని ఒక చిన్న మాత్రతో పూరించే అవకాశాన్ని లోకానికి సమకూర్చినవారిలో ప్రముఖులు మన తెలుగువారైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. వారి జీవితాన్ని ఈ విటమిను కథగా పాఠకులకు నివేదించడమే మా ఉద్దేశం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. విద్యార్థి దశలోనే పితృవియోగం కలిగింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని చేజిక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక రోగి నానాటికి క్షీణించే జబ్బు అది. ఆ దుఃఖమే వారిని పరిశోధనకు పురికొల్పింది.

1922లో భార్యను స్వదేశంలో విడిచి బోస్టను నగరం చేరారు. ఆ పిమ్మట జన్మించిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్యను కూడ మరల కలుసుకోలేదు. హార్వర్డులో ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలసి రూపొందించి శాస్త్రలోకంలో పేరు గడించినా, అక్కడ స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు.

అంతకు పూర్వం ఈ విటమినును కాలేయం నుండి, పాలకూర నుండి అతి స్వల్పంగా మాత్రమే వేరుచేయగలిగేవారు. 1945లో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులు దానితో కోలుకోసాగారు. పెద్ద కణాల రక్తహీనతతో బాధపడే శిశువులకు అది ఔషధమైంది. సోదరులకు అందని మందు ఇతరుల బిడ్డలకు అందింది.

కథ ఇంతటితో ముగియలేదు. రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఈ విటమిను సంబంధమైన మందులిచ్చినప్పుడు వ్యాధి మరింత విజృంభిస్తున్నట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అంతట విటమినును పోలియుండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం సిద్ధపరచి ఇచ్చింది. 1948లో ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది. అదే ఏడు ఆగస్టులో, తమ 53వ ఏట సుబ్బారావు గారు నిద్రలోనే పరమపదించారు.

ఒక బిడ్డకు ప్రాణం పోసినదే మరొక బిడ్డ రోగానికి ఆహారమైంది. బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే, రక్తం మెరుగుపడినట్లు కనిపించినా నాడులు దెబ్బతినవచ్చు. కనుక లోపాన్ని గుర్తించి, తగిన మోతాదులో ఇచ్చినదే మందు అవుతుంది.

మన దేశంలో 2018లో ప్రారంభమైన రక్తహీనత నిర్మూలన పథకం ఆరు నెలలు నిండిన బిడ్డకు ఐదేళ్ళ వరకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ద్రవౌషధాన్ని నిర్దేశించింది. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ నాలుగు చుక్కలను బిడ్డ నోట పోసే తల్లికి భీమవరం బాలుని పేరు తెలియకపోవచ్చు. మెట్రిక్యులేషన్‌లో తప్పి నిరుత్సాహపడే మన విద్యార్థులకైనా ఆ పేరు తెలియాలని మేము కోరుతున్నాము.